రాయి లేని గంప

అప్పయమ్మ దొడ్డిలో పని తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. గోదావరి లంకలో అరటితోట వారగా, చుట్టూ ముళ్ళకంచె ఉన్న దొడ్డి అది. మధ్యలో గడ్డివామి. పొద్దు వాలేసరికి ఆ వామి నీడలో సభ తీరేది. సభలో రోజూ ఒకటే ఆట, దాని పేరు "అనుకో". ఒకళ్ళు "అనుకో" అని మొదలెట్టి ఎటూ తేలని చిక్కొకటి పెడతారు. మిగతావాళ్ళు దాని మీద గొంతులు పోయేదాకా వాదించుకుంటారు. ఏనాడైనా తేలిందా అంటే, తేల్లేదు. తేలిపోతే మర్నాడు ఏం చేస్తారు పాపం.

"అనుకో, రోజూ వాన పడాలి, లేదా రోజూ చుట్టాలు రావాలి. ఏది నయం?" అనేది మేక గవరమ్మ.

"వానే," అనేది డేగపుంజు టక్కున. "చుట్టాలొస్తే మనలో ఒకళ్ళం కూరవుతాం."

గవరమ్మకి కాగితాలంటే ప్రాణం. గోడకంటించిన కాగితం ఏదైనా సరే తినేసి, తిన్న విషయం మీద మాట్లాడేది. ఆ వారం సగం పంచాంగం తింది కాబట్టి అందరికీ మంచిరోజులు చెబుతోంది. డేగపుంజుకి తను కూసిన తర్వాత కూడా నిద్రపోయేవాళ్ళంటే గిట్టదు. ఇక కుక్క సింగడికి, అట్లకాడతో గిన్నె అడుగు గీకే చప్పుడు వింటే ఒళ్ళు మండేది. ఆ చప్పుడు వినిపించిందంటే తనకేమీ మిగల్లేదని అర్థం.

మైలెద్దుకి మాత్రం ఏ అభిప్రాయమూ ఉండేది కాదు. ఏమడిగినా నెమరు ఆపకుండా "ఏమో, అప్పుడు చూద్దాం" అనేది.

"నీకు ఊహ లేదు మైలన్నా," అనేది పుంజు జాలిగా.

"లేదు," అని ఒప్పుకునేది ఎద్దు.

ఆ దొడ్డిలో పని ఉన్నది ఒక్క బొల్లిపెట్టకే. తొమ్మిది పిల్లల తల్లి. పిల్లలు పెంకు వదిలి పది రోజులు కాలేదు. మధ్యాహ్నం కునుకు తీసేముందు, గద్దల భయానికి, అప్పయమ్మ తల్లినీ పిల్లల్నీ ఓ పెద్ద గంప కింద మూసి, పైన రుబ్బురోలు తాలూకు విరిగిన పొత్రం బరువుగా పెట్టేది. లేచాక తీసేది. సాయంత్రం సభకి బొల్లిపెట్ట కూడా వచ్చేది గానీ, దాని ఒక కన్ను ఆట మీద ఉంటే రెండోది పిల్లల మీదే ఉండేది.

ఓ సాయంత్రం కంచె అవతల నుంచి ఎవరో దగ్గారు. చూస్తే నక్క.

సింగడు లేచి గుర్రుమన్నాడు. నక్క రెండడుగులు వెనక్కి వేసి, తల వంచుకుని, మర్యాదగా మాట్లాడింది.

"లోపలికి రాను సింగన్నా, రమ్మన్నా రాను. ఇక్కడే కూర్చుని వింటాను. వారం రోజులుగా మీ మాటలు చాటుగా వింటున్నాను, తప్పయితే క్షమించండి. ఇంత తెలివైన మాటలు ఈ లంక మొత్తం మీద మరెక్కడా వినలేదండీ."

ఊరక రారు మహానుభావులని పెద్దలు ఊరికే అనలేదు. కానీ పొగడ్త చెవినపడ్డాక పెద్దల మాట ఎవరికి గుర్తుంటుంది? సింగడి గుర్రు తగ్గి మూలుగైంది.

"వినేవాళ్ళుంటేనే గదా చెప్పేవాళ్ళకి హుషారు," అంది పుంజు. "కూర్చో బావా."

నాలుగు రోజులు తిరిగేసరికి, ప్రశ్న వేసే వంతు నక్కకి కూడా వచ్చింది. అది వేసే ప్రశ్నల్లో ఉండే రుచి మరెవరి ప్రశ్నల్లోనూ ఉండేది కాదు.

"అనుకో సింగన్నా, మిట్టమధ్యాహ్నం నువ్వు వాకిట్లో కాపలా ఉన్నావు. ఏటిగట్టు మీద నుంచి ఎండుమెత్తళ్ళు, ఆ వేలెడంత ఎండుచేపల వాసన వస్తోంది. కాపలానా, మెత్తళ్ళా?"

"గుప్పెడా, దోసెడా?" అన్నాడు సింగడు.

"దోసెడు."

"అయితే ఇంక అడగడమెందుకు? కాపలాదేముంది, తిరిగొచ్చాక కాసుకోవచ్చు."

అందరూ పడీపడీ నవ్వారు. మనసులో మాట దాచుకోకుండా చెప్పే ధైర్యం అందరికీ ఉండదని సింగడు మురిసిపోయాడు.

మర్నాడు గవరమ్మ వంతు. "అనుకో వదినా, వాకిలి వైపు నిప్పంటుకుంది. నువ్వెటు పోతావు?"

"ఎటు పోవడమేంటి, పెంటకుప్ప వెనకాల కంచెలో కంత ఉంటేను. నేను రోజూ అరటాకులకి పోయేది దాంట్లోంచే," అంది గవరమ్మ గొప్పగా. "అప్పయమ్మకి ఈనాటికీ తెలీదు."

"ఎంత ముందుచూపు వదినా నీది," అంది నక్క.

ఆ మర్నాడు పుంజుని పట్టుకుంది. "అనుకో బావా, పిల్లలున్న గంపలోకి పాము దూరింది. గంప మీద రాయి. చూస్తే నీకు చేతుల్లేవాయె. ఎలా కాపాడతావు?"

ఆ పుంజు ఏనాడూ ఏ పిల్లనీ కాపాడిన పాపాన పోలేదు. అయినా రొమ్ము విరుచుకుంది. "అది రాయెక్కడ బావా, విరిగిన పొత్రం. గుండ్రంగా ఉంటుంది. తలతో ఓ తోపు తోస్తే దొర్లిపోద్ది."

"ఆహా," అని కళ్ళు మూసుకుని ఆనందించింది నక్క.

అది వెళ్ళాక బొల్లిపెట్ట సభ మధ్యలోకొచ్చి నిలబడింది.

"మీకెవరికీ అర్థం కావట్లేదా? కుక్క ఎప్పుడు కదుల్తుందో అడిగాడు. దారి ఎక్కడుందో అడిగాడు. గంప ఎలా లేస్తుందో అడిగాడు. ఇంక అడగడానికి నా పిల్లలు ఏ రుచో ఒక్కటే మిగిలింది."

"అబ్బ, నువ్వొకదానివి," అంది గవరమ్మ. "ఆటని ఆటలా చూడాలమ్మా."

"నాకు గిట్టనిది ఇదే," అంది పుంజు. "సరదాగా ఓ మాట అనుకుంటుంటే మధ్యలో దూరి ఏడుపు మొదలెట్టడం."

"నేను ఊరికే అన్నాను," అన్నాడు సింగడు, కొంచెం చిన్నగా.

"నువ్వు ఊరికే అన్నావు సింగా. వాడు ఊరికే వినలేదు," అంది బొల్లిపెట్ట.

సింగడు తల దించుకుని కాలు నాక్కోవడం మొదలెట్టాడు. నాక్కోవడానికి ఆ కాలికి ఏమీ అంటలేదు.

బొల్లిపెట్ట మైలెద్దు దగ్గరికి పోయి గాడి పక్కన కూలబడింది. "మైలన్నా, భయంగా ఉంది. ఇంటిగుట్టు లంకకి చేటన్నారు. మనమున్నదే లంకలోనాయె. వాడు వస్తాడు."

"వస్తాడు," అంది ఎద్దు.

"ఏం చెయ్యను?"

ఎద్దు నెమరు ఆపింది. "వాడు అందర్నీ అడిగాడు. వాణ్ణి ఎవరన్నా అడిగారా?"

"ఏమని అడగను?"

"సలహా అడుగు. మొహమాటానికైనా అబద్ధం చెప్పొచ్చు గానీ, సలహా అడిగితే నోరు కట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. చూరు కింద పాత గంపొకటి పడి ఉంది. అది గుర్తుపెట్టుకుని అడుగు."

ఆ తర్వాత ఎద్దూ పెట్టా చాలాసేపు గుసగుసలాడుకున్నాయి. నెల రోజుల్లో ఎద్దు అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

మర్నాటి సాయంత్రం నక్క వచ్చి కూర్చోగానే బొల్లిపెట్ట ముందుకొచ్చింది.

"బావగారూ, ఇవాళ నేనడుగుతానండి. మీరే చెప్పాలి. ఇక్కడున్నవాళ్ళ బుర్రకి అందేది కాదు."

పుంజు ఈకలు లేచాయి. నక్క చెవులు లేచాయి.

"అనుకోండి, దొంగొకడు వస్తున్నాడు. తల్లికి రెండు గంపలున్నాయి. ఒకదాని మీద రాయి ఉంది, రెండోదాని మీద లేదు. పిల్లల్ని ఎందులో పెట్టాలండీ?"

"రాయి ఉన్నదాంట్లో," అన్నాడు సింగడు.

"రాయి ఉన్నదాంట్లోనే," అంది పుంజు. "ఇది కూడా ఒక ప్రశ్నేనా?"

నక్క నవ్వింది. నిజానికి అది నోరు మూసుకుని ఉంటే ఈ కథ మరోలా ముగిసేది. కానీ ఎదురుగా అంతమంది తప్పు జవాబు చెబుతుంటే ఒప్పు జవాబు తెలిసినవాడు ఎలా ఊరుకుంటాడు?

"అందుకే మీరు దొడ్డిలో ఉన్నారు," అంది. "రాయి పెట్టావంటే, ఇక్కడ సొమ్ముందని దొంగకి నువ్వే చూపించినట్టు. వాడు తిన్నగా దాని మీదికే పోతాడు. తెలివైన తల్లయితే రాయి ఉన్నదాన్ని ఖాళీగా వదిలేసి, పిల్లల్ని రాయి లేని గంపలో పెడుతుంది. దానికేసి దొంగ కన్నెత్తి కూడా చూడడు."

"అయ్యబాబోయ్," అంది బొల్లిపెట్ట. "ఇన్నాళ్ళూ నాకీ ఆలోచన తట్టనే లేదు చూడండి. మీరు చల్లగా ఉండాలి బావగారూ."

పొత్రం దొర్లించే శ్రమ కూడా తప్పిందనుకుంటూ నక్క చల్లగానే వెళ్ళింది.

అది అటు వెళ్ళగానే ఎద్దు సింగణ్ణి పిలిచింది. ఏం చెయ్యాలో చెప్పింది. సింగడు నీళ్ళు నమిలాడు.

"మెత్తళ్ళు నిజంగా పెడతాడంటావా మైలన్నా?"

"సింగా," అంది బొల్లిపెట్ట, "దోసెడు మెత్తళ్ళకి నా తొమ్మిది మందినీ ఇచ్చేశావు. ఒక్క పూట ముక్కు మూసుకుంటే తిరిగొస్తారు."

సింగడికి ఈసారి నాక్కోవడానికి కాలు కూడా గుర్తురాలేదు. సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అప్పయమ్మ ఎప్పటిలాగే తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసి, పొత్రం పెట్టి, వసారాలో నులకమంచం ఎక్కింది. గురక మొదలవగానే మైలెద్దు పాత గంపని కొమ్ముకి తగిలించుకొచ్చింది. పక్కనే ముడుచుకు పడుకున్న సింగడి మీద బోర్లించింది.

"తోక బయటికుంది," అంది.

తోక లోపలికి పోయింది.

కాసేపటికి ఏటిగట్టు వైపు నుంచి గాలి తిరిగింది. ఎండుమెత్తళ్ళు. దోసెడు కూడా కాదు, తట్టెడు వాసన.

"మైలన్నా," అంది గంప దీనంగా. "ఒక్కటి. ఒకే ఒక్కటి తిని వచ్చేస్తా."

"తర్వాత," అంది ఎద్దు.

గంప లోపల సింగడు ముక్కుని కాళ్ళ కిందికి దూర్చుకున్నాడు.

పెంటకుప్ప వెనక కంతలోంచి నక్క లోపలికొచ్చింది. వాకిలి వైపు చూసింది. కుక్క లేదు. "కక్కుర్తి వెధవ" అనుకుంది. దొడ్డి మధ్యకొచ్చి చూస్తే రెండు గంపలు. ఒకదాని మీద పొత్రం ఉంది, రెండోదాని మీద ఏమీ లేదు. నక్కకి నవ్వాగలేదు. దొంగతనానికి వెళ్ళి, సొమ్ము ఎక్కడ పెట్టుకోవాలో ఇంటివాళ్ళకి తనే చెప్పి, వాళ్ళచేత పెట్టించుకున్న దొంగ ప్రపంచంలో తనొక్కడేననుకుంది.

పొత్రం ఉన్న గంప పక్కనుంచి నడిచింది. ఆ గంప కింద బొల్లిపెట్ట తొమ్మిది పిల్లల్నీ రెక్కల కిందికి అదుముకుని ఊపిరి బిగబట్టింది. నక్క కాళ్ళు గంప సందుల్లోంచి కనిపిస్తున్నాయి. అంతలో ఓ పిల్లకి ఊపిరాడక "కీచ్" అంది.

నక్క ఆగింది. చెవి తిప్పింది. చప్పుడొచ్చింది ఈ గంపలోంచే. కానీ ఈ గంప ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉంచమని చెప్పింది తనేనాయె. తన చెవి పొరపాటు పడొచ్చు గానీ తన సలహా పొరపడుతుందా? నక్క ముందుకే నడిచింది.

రాయి లేని గంప కిందికి మూతి దూర్చి, ఒక్క ఊపున ఎత్తింది. లోపల సింగడు చొంగ కారుస్తూ కూర్చున్నాడు.

"అనుకో బావా," అన్నాడు సింగడు, "రాయి లేని గంపలో కోడిపిల్లలు లేవు. ఇప్పుడేం చేస్తావు?"

నక్క కంత వైపు పరిగెత్తింది. నక్క గంపల దగ్గరున్నప్పుడే వచ్చి, కంతకి వీపు ఆనించి మైలెద్దు తీరిగ్గా పడుకుని ఉంది.

"లే మైలన్నా, లే."

"ఏమో," అంది ఎద్దు. "చూద్దాం."

చూసే తీరిక నక్కకి లేకపోయింది. సింగడు వెనక నుంచి తోక అందుకున్నాడు. మెత్తళ్ళ మీద కోపమంతా ఆ తోక మీద తీర్చుకున్నాడు. చివరికి నక్క సగం తోక సింగడి నోట్లోనూ, వీపు మీది చర్మం ముళ్ళకంచె మీదా వదిలేసి అరటితోటలో పడింది. ఆనాటి నుంచి ఎవరి నోట "అనుకో" అన్న మాట విన్నా ఆ నక్క అక్కణ్ణించి లేచిపోతుందని చెబుతారు.

సాయంత్రం సభ మామూలుగానే తీరింది. నక్క సంగతి తనకి మొదటిరోజే తెలుసని పుంజు చెప్పింది. గోల విని లేచిన అప్పయమ్మ కంత చూసేసి ముళ్ళకంపతో పూడ్పించింది కాబట్టి, కంతలు పూడ్చేవాళ్ళంటే తనకి గిట్టదని గవరమ్మ చెప్పింది. సింగడు గట్టు మీది మెత్తళ్ళన్నీ తినొచ్చి, కాపలా ఎంత కష్టమో వివరించాడు. ఎవరూ సిగ్గుపడలేదు.

కబుర్లు అయిపోయాక గవరమ్మకి ఊసుపోలేదు.

"అనుకోండి," అంది, "ఆ నక్క రాయి ఉన్న గంపే ఎత్తి ఉంటే?"

అందరూ హుషారుగా నోళ్ళు తెరిచారు.

బొల్లిపెట్ట పిల్లల్ని ఒక్కొక్కటిగా రెక్క కిందికి లాక్కుంది.

"ఎత్తి ఉంటే, ఈ సాయంత్రం కూడా మీరందరూ ఇక్కడే కూర్చుని ఆడుకునేవాళ్ళు," అంది. "నా పిల్లలే ఉండేవి కావు."

ఊరికే అడిగేవాడు ఒక్కడూ ఉండడు, ఊరికే చెప్పేసేవాళ్ళు మాత్రం దొడ్డికి నలుగురుంటారు.