అలివేలు బొమ్మలో రెండో ధార

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికి ఆరు మైళ్ళ అవతల ఒక బీడు, ఆ బీట్లో ఒక ఇనప పళ్ళెం. అన్నం తినే పళ్ళెం కాదురా నచ్చీ, మన డాబా అంత పళ్ళెం! ఆకాశం కేసి తిప్పితే నక్షత్రాల గుసగుసల్ని రేడియోలా పట్టుకుంటుంది. పగలైనా ఒకటే, రాత్రైనా ఒకటే దానికి. ఊ అనండి మరి, అనకపోతే ఇక్కడే ఆపేస్తా.

చెప్పలేనంత దూరంలో ఒక గెలాక్సీ ఉందిట. అంటే నక్షత్రాల తిరునాళ్ళ అనుకోండి. దాని నట్టనడుమ నల్లటి గొయ్యి. ఎంత పడినా నిండదు, మీ తాతయ్య పొట్టలాగా. మింగినంత మింగి, మిగిలింది పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. ఆ ధారని దగ్గరగా చూడాలంటే ఒక్క పళ్ళెం చాలదు. అందుకని మన దేశంలో ఒకటి, పక్క దేశంలో ఒకటి, సముద్రం అవతల ఇంకొకటి, అన్నీ ఒకే క్షణాన ఒకే చోటికి చూస్తాయి. విన్నవన్నీ కలిపితే భూమంత పళ్ళెంతో చూసినట్టే.

మన పళ్ళేన్ని కనిపెట్టుకునుండేది వకుళ. గాలి ఎక్కువైతే పళ్ళెం విరక్కుండా దానంతటదే నడినెత్తికి తిరిగి ఆగిపోతుంది. గాలి తగ్గాక మళ్ళీ తిప్పాలి, ఎంతసేపు చూడలేదో పుస్తకంలో రాయాలి. ఆ కాసేపు విన్నదాన్ని తీసి పారేస్తారు. అంతే పని.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గరికి గాజులావిడ వచ్చింది. వకుళ వెళ్ళింది. పచ్చవి తొడిగించుకుంది, తీయించింది. ఎర్రవి తొడిగించుకుంది, తీయించింది. మళ్ళీ పచ్చవే తొడిగించుకుంది. తిరిగొచ్చేసరికి పళ్ళెం నడినెత్తి కేసి చూస్తూ ఉంది. నలభై నిమిషాలు! గబగబా తిప్పేసి, పుస్తకంలో "అంతా సవ్యం" అని రాసేసింది.

ఆ విన్నవన్నీ కలిపి బొమ్మ తయారుచేసే పిల్ల అలివేలు, అక్కడి ఆఫీసరు విరూపాక్షయ్యగారి కోడలు. ఏడాది కష్టపడింది. బొమ్మలో గొయ్యికి ఇటొక ధార, అటొక ధార కనిపించాయి. రెండో ధారని అంతకుముందు ఎవరూ చూడలేదు! పెద్ద సభలో చెప్పింది, చప్పట్లు కొట్టారు. మూడు నెలలు తిరక్కుండానే వేరే దేశం వాళ్ళు మళ్ళీ చూస్తే ఒకటే ధార. రెండోది లేనే లేదు. దానికి "అలివేలు దయ్యం" అని పేరుపెట్టి నవ్వారు. మామగారైతే భోజనాల దగ్గర, అందరి ముందూ, "మా పరువు తీశావు కదమ్మా" అన్నారుట.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

ఆ బొమ్మ తను గాజులు వేయించుకున్న రోజుదేననీ, తీసెయ్యకుండా వదిలేసిన ఆ నలభై నిమిషాలే దయ్యమై ఉంటాయనీ వకుళకి అర్థమైంది. అలివేలుకి చెప్పేద్దామని వెళ్ళింది, పెన్ను అడిగి వచ్చేసింది. మర్నాడు చెప్పేద్దామని వెళ్ళింది, టైమెంతయిందని అడిగి వచ్చేసింది. ఆ మర్నాడు వెళ్ళింది, ఆవకాయ ఉందా అని అడిగి వచ్చేసింది.

నాలుగోనాడు అలివేలే పుస్తకం పట్టుకుని వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, ఆ రోజు నువ్వే కదా ఉన్నది? గాలేమైనా లేచిందా?"

"లేదమ్మా" అంది వకుళ. అదిగో, ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలీదు.

"నువ్వు చెప్పావంటే ఇంక లేనట్టే. లెక్కల్లో నేనే ఎక్కడో పొరపాటు చేశాను" అంది ఆ పిల్ల. వెళ్ళి, తప్పు తనదేననీ ఉద్యోగం మానేస్తున్నాననీ ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరం మామగారి చేతికి ఇస్తుంటే వకుళ గుమ్మంలోంచి చూసింది. లోపల పదిమంది ఉన్నారు. అయినా వెళ్ళింది.

"అయ్యా, అది తీసుకోకండి. ఆ రోజు గాలి లేచింది. పళ్ళెం ఆగిపోయింది. నేను గాజులు వేయించుకుంటున్నాను. పుస్తకంలో అబద్ధం రాశాను. ఇందాక ఈ పిల్ల మొహం మీదే ఇంకో అబద్ధం చెప్పాను."

ఎవరైనా తిడితే బాగుండునని వకుళ నేల చూస్తూ నిలబడింది.

"ఎంతసేపు?" అంది అలివేలు.

"రెండుంబావు నుంచి మూడింటికి అయిదు నిమిషాలు తక్కువ దాకా."

అలివేలు పరిగెత్తింది. ఆ నలభై నిమిషాలూ తీసేసి మళ్ళీ కలిపింది. వారం పట్టింది. దయ్యం పోయింది. ఒకటే ధార మిగిలింది, ఆ ధారలో మూడు ముడులు, ఎవరి బొమ్మలోనూ కనపడనంత తేటగా! మామగారు అందరి ముందూ కోడలికి క్షమాపణ చెప్పుకున్నారు. నవ్విన సభే మళ్ళీ పిలిచింది.

వకుళని ఏడాదిపాటు పళ్ళెం దగ్గరికి రానివ్వలేదు. ఏడాది తర్వాత అలివేలే అడిగి మరీ వెనక్కి రప్పించింది. అందరూ మామూలుగానే మాట్లాడేవాళ్ళు. అలివేలు కూడా. అలా మాట్లాడినప్పుడల్లా వకుళకి ఇంకా సిగ్గేసేది.

నాకెలా తెలుసంటారా? పెళ్ళికి ముందు నేనక్కడ పనికి చేరాను కదా. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఈ సంగతి ఆవిడే చెప్పేది. అప్పటికి తల నెరిసిపోయింది, అయినా చెబుతుంటే చెవులు ఎర్రబడిపోయాయి. చివరిదాకా నా కళ్ళలోకి చూడలేదు.

అందుకే తప్పు చేస్తే ఆ పూటే చెప్పెయ్యండి నాన్నా, ఒక్క పూట సిగ్గుతో పోతుంది. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.