నున్నబడ్డ రాయి

నోర్బు మఠంలో చేరి పన్నెండేళ్లు నిండాయి. పక్క లోయలో ఒక చిన్న మఠం గురువు లేక ఖాళీగా ఉంది. ఆ పీఠం మీద తననే కూర్చోబెడతారని అతను గట్టిగా నమ్ముకున్నాడు. అతని గురువు లొబ్సాంగ్ మాత్రం ఊ అనడు, ఉహూ అనడు.

చివరికి ఆగలేక నోర్బు తనే అడిగేశాడు.

"గురువుగారూ, నన్నింకా ఎందుకు ఆపుతున్నారు? కోపం పోయింది. దిగులు పోయింది. ఎవరైనా నా ముందు గుండెలు బాదుకుని ఏడ్చినా నా మనసు మీద ఒక్క గీత పడదు."

ఆ మాటలో గర్వం కాస్త తొంగిచూసింది. పన్నెండేళ్ల కష్టం మరి, తొంగిచూడక ఏం చేస్తుంది.

"పిండి నిండుకుంది. తెచ్చుకుందాం పద" అన్నాడు లొబ్సాంగ్.

కొండ దిగితే ఏటి ఒడ్డున నీటి తిరగలి ఉంది. వందేళ్లు పైబడినది. కాలువలోంచి దూకే నీళ్లు కింద చెక్కచక్రాన్ని తిప్పితే, పైన గదిలో రాయి తిరిగి బార్లీ పిండవుతుంది. దానికి ఆనుకునే చిన్న కొట్టు. పిండి, ఉప్పు, ఎండబెట్టిన పళ్లు అమ్ముతారు. రెండూ యాంగ్‌చెన్ అనే ఆవిడే ఒంటిచేత్తో చూసుకుంటుంది.

ఆ రోజు తిరగలి ఆగి ఉంది. కొట్టులో పిండి ఒక్క బస్తా ఉంది. లొబ్సాంగ్ గుప్పెట్లోకి తీసుకుని చూశాడు. సగం పలుకులే.

"రాయి బాగాలేదు గురువుగారూ" అంది యాంగ్‌చెన్. "ఊరికే వేడెక్కుతోంది. గింజ నలక్కుండానే జారిపోతోంది. ఊళ్లోవాళ్లు అవతలి ఊరికి పోతున్నారు."

ముగ్గురూ కలిసి గడకర్రతో పైరాయిని ఎత్తి తిరగేశారు. నోర్బు దానిమీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"ఇంత నున్నగా ఉంది. దీనికేం లోటు?"

"అదే లోటయ్యా. ఉలితో కక్కు కొట్టాలి. ఒళ్లంతా గంట్లుంటేనే రాయి గింజను పట్టుకుంటుంది. ఆ పని మా అబ్బాయి చేసేవాడు." నోర్బు వైపు తిరిగి మళ్లీ అంది. "మీకు గుర్తులేదేమో. మంచు కరిగే రోజుల్లో, వాడు పోయినప్పుడు మఠానికొచ్చాను. పుట్టినవాళ్లంతా పోవలసిందేనని మీరే చెప్పి పంపారు."

నోర్బు ఆమె ముఖంలోకి చూశాడు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. అతనికి సిగ్గేసింది.

లొబ్సాంగ్ గోడకున్న ఉలి, సుత్తి తీసుకుని రాయి ముందు చతికిలబడి కొట్టడం మొదలుపెట్టాడు. డెబ్భై దాటిన మనిషి. కాసేపటికి చెయ్యి లాగింది. ఉలిని శిష్యుడి వైపు చాచాడు.

నోర్బు పొద్దువాలేదాకా కొట్టాడు. పెచ్చులు ఎగిరి బుగ్గకు తగిలాయి. వేళ్లు బొబ్బలెక్కాయి. తర్వాత రాయిని ఎక్కించి కాలువకు అడ్డుపలక తీశారు. రాయి తిరిగింది. చల్లగా, మెత్తగా పిండి రాలింది. యాంగ్‌చెన్ దోసిలి పట్టింది. కొడుకు ఉన్నప్పటి పిండి అది. ముఖం పక్కకు తిప్పుకుంది.

లొబ్సాంగ్ పిండిమూట భుజాన వేసుకున్నాడు.

"పక్క లోయకు ఎప్పుడు బయల్దేరతావు?" అని అడిగాడు.

నోర్బు కొట్టు అరుగుమీద యాంగ్‌చెన్‌కు ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మీ అబ్బాయి పేరేమిటి?" అన్నాడు.