వదిలిన చోటు

పరదేశయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అడగడం మానరు. మాయ అంటే ఏమిటి స్వామీ అని చేతులు కట్టుకుని అడిగిన పాపానికి ఒక మండలాఫీసు గుమాస్తా అరబస్తా చింతపండు గింజ తీశాడు. మధ్యాహ్నానికి అతగాడి వేళ్ళు వాచిపోయాయి గాని, మాయ సంగతి తేలిందో లేదో అతను ఎవరికీ చెప్పలేదు. సాలూరుకి ఇవతల, జీడితోటల అంచున ఒక పెంకుటింట్లో ఉండేవారు పరదేశయ్యగారు. ఆదివారం పొద్దున్న అక్కడ సత్సంగం. నూటయాభై మందికి తక్కువ రారు. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళు కూడా మళ్ళీ వారానికి తయారు. వరహాలు అనే ఆవిడకి ఆయన ఇచ్చిన పని గురించి ఇప్పుడు చెప్పుకోవాలి.

వరహాలు సాలూరు కొత్తపేట మూడో సందులో బట్టలు కుట్టుకునే మనిషి. నలభై రెండేళ్ళుంటాయి. భర్త గౌరునాయుడు కరెంటాఫీసులో లైన్‌మన్. పిల్లలు కలగలేదు. ఆవిడ చేతికి చిక్కిన వస్తువు ఏదైనా సరే, చక్కబడకుండా బయటపడదు. దారపుండలు లేత రంగు నుంచి ముదురు రంగు దాకా వరసన ఉండాలి. వంటింట్లో గ్లాసులు పొడుగు ప్రకారం నిలబడాలి. మొగుడు స్తంభాలెక్కడానికి వేసుకుపోయే ఖాకీ చొక్కాకి కూడా ఇస్త్రీ మడత నలగకూడదు. ఇలాంటి ఇంటికి, ఎనిమిది నెలల కిందట, బాలల సంక్షేమ కమిటీవాళ్ళు ఎనిమిదేళ్ళ పైడితల్లిని పెంపకానికి పంపించారు. ఆ పిల్లని వాళ్ళమ్మ ఆ ఊరి బస్టాండులోనే కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్ళి, మరి రాలేదు. ఆవిడ జాడ ఎంత వెతికినా దొరకలేదు. పిల్ల ఏడాదిన్నరపాటు విజయనగరంలో హోములో ఉంది. "ఇది దత్తత కాదమ్మా" అని ఆఫీసరమ్మ మొదటిరోజే చెప్పింది. "వాళ్ళమ్మ ఎప్పుడైనా వచ్చి, మనిషి తిన్నగా ఉందని తేలితే పిల్లని పంపించెయ్యాలి. అందాకా మీరు కడుపులో పెట్టుకుని చూసుకోవాలి." వరహాలు సరేనంది. సరేననడానికి ఏం, ఎవరైనా అంటారు.

ఆవిడ లోటు చేసిందని ఎవరూ అనలేరు. వచ్చిన రోజే కుంకుడుకాయ రసంతో తలంటు పోసింది. ఒంటిమీదున్న వెలిసిపోయిన గౌను తీసేసి తన చేత్తో కుట్టిన కొత్తది తొడిగింది. అలాంటివి ఇంకో ఎనిమిది కుట్టింది. చిక్కుపడిన జుట్టు భుజాలదాకా కత్తిరించి రిబ్బన్లు కట్టింది. పైడితల్లి అన్న పేరు మోటుగా ఉందని పావని అని పిలవసాగింది. పిల్ల దేనికీ కాదనలేదు, ఔననలేదు. పెట్టింది తినేది, తొడిగింది తొడుక్కునేది. రెండో నెల నుంచి మాత్రం బడి వదలగానే ఇంటికి రావడం మానేసింది. ఎక్కడికి పోయిందా అని ఊరంతా గాలిస్తే, బస్టాండులో నాలుగో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర సిమెంటు బల్లమీద కూర్చుని కనబడింది. అది మొదలు రోజూ ఇదే తంతు. వరహాలు మిషను ఆపి పరిగెత్తడం, రెక్క పట్టుకుని లాక్కురావడం. బుజ్జగించింది, తాయిలం పెట్టింది, బెదిరించింది. ఒకరోజు చెయ్యి చేసుకుంది కూడా. కొట్టి, తనే కూర్చుని ఏడ్చింది. అమ్మా అని పిలవకపోతే పోనీ, తన ఇంట్లో ఏం తక్కువయిందని రోడ్డున పడి కూర్చుంటోందో ఆవిడకి అంతు చిక్కలేదు. "నీ ఒళ్ళు పాడైపోతోంది వరహాలూ" అన్నాడు గౌరునాయుడు. "వచ్చే బుధవారం ఆఫీసరమ్మ వస్తాది గదా. తీసుకుపోండమ్మా, మా వల్ల కాదని చెప్పేద్దాం." వరహాలే ఆ మాట కాగితం మీద రాసింది. సంతకం పెట్టడానికి చెయ్యి రాక బీరువాలో దాచింది.

ఆ ఆదివారం పిల్లని మొగుడికి అప్పజెప్పి వరహాలు పరదేశయ్యగారి దగ్గరికి వచ్చింది. జనం ఇంకా చేరలేదు. ఆయన అరుగుమీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నారు. ఆవిడ జరిగిందంతా ఏకరువు పెట్టి, ముక్కు చీది, "నానేటి తక్కువ చేశాను నాయనగారూ? ఇంత చేసినా నా ఇంటినుంచి ఎందుకు పారిపోతోంది? ఉంచుకోనా, పంపించేయనా? మీరేదంటే అది చేస్తాను" అంది.

పరదేశయ్యగారు అడకత్తెర పక్కన పెట్టి వాకిలి వైపు చూశారు. "ఇవాళ జనం ఎక్కువొస్తారు తల్లీ. వాకిట్లో చెప్పులు చూసుకో."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. లోపల ఆయన నాలుగు మంచి మాటలు చెబుతుంటే వినే భాగ్యం లేదు సరికదా, చెప్పులకి కాపలా. అయినా గురువుగారి మాట, తప్పదు. మెట్ల పక్కన చతికిలబడింది. జనం వస్తున్నారు, ఎక్కడ పడితే అక్కడ విడిచి లోపలికి పోతున్నారు. ఒకడి జోడులో ఒకటి మెట్టు మీద, ఇంకొకటి మెట్టు కింద. పేడ తొక్కి వచ్చినవి, బురదవి, ఉంగటం పట్టీ తెగినవి. కాసేపు ముఖం తిప్పుకుని కూర్చుంది. వరహాలు కళ్ళు అంతకంటే ఓర్చుకోలేవు. లేచి కొంగు దోపింది. హవాయి చెప్పులన్నీ ఒక వరస, తోలు చెప్పులు ఒక వరస, ఆడవాళ్ళవి, పిల్లలవి వేరు వేరు వరసలు. నూతి దగ్గర పాతగుడ్డ తడుపుకొచ్చి బురద తుడిచింది. తెగిన ఉంగటాలకి పిన్నీసులు పెట్టింది. ఎండెక్కేసరికి వాకిలి చెప్పుల షాపులా తయారైంది. పొద్దుటినుంచి మొదటిసారిగా ఆవిడ మనసు కాస్త కుదుటపడింది.

సత్సంగం అయిపోయింది. జనం బయటికి వచ్చారు, వాకిట్లో గగ్గోలు మొదలైంది. నేను గోడవార విడిచాను, మెట్టు కింద విడిచాను, కానుగ మొక్క దగ్గర విడిచాను అంటూ ఎవరికి వారే వెతుకులాట. నీలం ఉంగటాల హవాయి జోళ్ళు పాతిక పైన ఉన్నాయి. బురద, మరకలు ఉన్నప్పుడు ఎవరివి వాళ్ళకి తెలిసేవి. ఇప్పుడన్నీ ఒకటే. ఎవడి కాళ్ళలో ఎవడివో దూరాయి. "ఎవరమ్మా ఈ సర్దుడు సర్దింది, చేతులకి వేరే పని లేదా" అని ఒకాయన ముఖం మీదే అన్నాడు. వరహాలుకి ఏడుపొక్కటే తక్కువ. మంచి చేయబోతే తిట్లేమిటో ఆవిడకి బొత్తిగా అర్థం కాలేదు.

గొడవ సద్దుమణిగి అందరూ పోయాక మెట్ల ఎడమపక్క ఒక ముసలావిడ మిగిలింది. సూరీడమ్మ. రెండు కళ్ళలోనూ శుక్లాలు, వెలుతురు తప్ప మరేదీ ఆనదు. కుడికాలితో నేల తడుముతోంది. ఒక అడుగు కూడా అటూ ఇటూ వెయ్యదు, అక్కడే తడుముతుంది. వరహాలు మిగిలిన ఒక్క జోడూ తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టింది.

"ఇవిగో మామ్మా, నీవే."

సూరీడమ్మ వేళ్ళతో తడిమి చూసి, "ఇంత నున్నగా ఉన్నాయి, నావెందుకవుతాయమ్మా" అంది.

"నీవేనే మామ్మా. నేనే తుడిచాను. అక్కడ నీడలో, మంచి చోట పెట్టాను. ఈ ఎండలో ఎంతసేపు నిలబడతావు, రా, ఇటు వచ్చి కూర్చో."

"మంచి చోటే పెట్టావు తల్లీ, నాకెలా తెలుస్తాది?" అంది ముసలావిడ, కోపం లేకుండా. "నాను ఇక్కడ విడిచాను. ఇక్కణ్ణుంచి కదిలితే మరి నాకవి దొరకవు."

ఆవిణ్ణి దారి దాకా దిగబెట్టి వచ్చి వరహాలు మళ్ళీ పరదేశయ్యగారి ముందు నిలబడింది. "చెప్పులు చూసుకున్నాను నాయనగారూ. అందరిచేతా తిట్లు తిన్నాను. నా ప్రశ్న మాటేటి?"

"సాయంత్రం బస్టాండుకి వెళ్తావు కదా. వెళ్ళినప్పుడు కాసేపు కూర్చో."

"కూర్చుని?"

"కూర్చో" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

దారిపొడుగునా వరహాలు మనసులోనే ఆయనతో పోట్లాడింది. చెప్పులకీ పిల్లకీ ఏమిటి సంబంధం. అడిగింది ఉంచుకోనా పంపించనా అని, దానికి ఔననో కాదనో చెప్పడానికి నోరు రాలేదా పెద్దమనిషికి. ఇంటికి వచ్చేసరికి గౌరునాయుడు నిద్రలో ఉన్నాడు, పిల్ల లేదు. ఆదివారం కూడా తప్పలేదన్నమాట. ఎప్పటిలా పరిగెత్తింది. ఎప్పటిలా రెక్క పట్టుకోబోయి, ఆగి, ఆయన మీద కోపంతోనే ఆ బల్లమీద కూలబడింది.

పైడితల్లి చటుక్కున జరిగి కూర్చుంది. లాగుతుందేమోనని చెయ్యి వెనక్కి దాచుకుంది. ఎంతకీ లాగకపోయేసరికి మెల్లిగా మళ్ళీ బస్సుల వైపు తిరిగింది. మక్కువ బస్సు వచ్చింది, బొబ్బిలి బస్సు వచ్చింది, పార్వతీపురం బస్సు వచ్చి వెళ్ళింది. పిల్ల బస్సుల్ని చూడడం లేదని వరహాలుకి అప్పుడు తెలిసింది. దిగే ఆడవాళ్ళ ముఖాలు చూస్తోంది. ఒక్కొక్క ముఖం, ఒక్కటి కూడా వదలకుండా. ఇన్ని నెలల్లో వరహాలు ఇక్కడ ఒక్క నిమిషం నిలబడి ఈ సంగతి చూసిన పాపాన పోలేదు.

"ఇవాళ లాక్కుపోవా?" అంది పిల్ల, పొద్దు వాలాక.

"లేదు. ఎందుకే ఇక్కడికి రోజూ?"

"మా అమ్మ కదలొద్దంది." తప్పు చేసినదానిలా గౌను అంచు నలుపుతూ అంది. "మీ ఇంట్లో ఉంటే నేనెలా కనబడతాను? గౌను మారిపోయింది, జుట్టూ లేదు. నువ్వేమో పావనీ అంటావు. మా అమ్మ వచ్చి పైడీ ఉందా అని అడిగితే, అలాంటి పిల్లెవరూ లేరంటారు కదా."

వరహాలుకి నేల తడుముతూ నిలబడిన ముసలావిడ పాదం కళ్ళముందు ఆడింది. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది ఆవిడకి. పిల్లని దగ్గరికి తీసుకోవాలని ఉంది, తీసుకోవడానికి తనకి హక్కుందో లేదో తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక సంచిలో చెయ్యి పెడితే, గుడ్డమీద గీతలు గీసే సుద్ద తగిలింది. లేచి, నాలుగో నంబరు స్తంభం మీద, పిల్ల కళ్ళకి ఆనే ఎత్తులో పెద్ద అక్షరాలతో రాసింది. వరహాలు టైలరు, కొత్తపేట మూడో సందు. ఎదురుగా టీకొట్టాయన దగ్గరికి పిల్లని తీసుకెళ్ళి, "పైడితల్లి అని ఎవరైనా అడిగితే మా ఇంటికి పంపించు బాబూ" అని చెప్పింది. "చీకటి పడుతోంది, ఇంటికి పోదామా పైడీ?" అని అడిగితే పిల్ల స్తంభాన్ని ఇంకోసారి చూసుకుని కదిలింది.

బుధవారం ఆఫీసరమ్మ వచ్చింది. వరహాలు కాగితం దాచిన బీరువా తలుపు తియ్యలేదు. బస్టాండు సంగతి అంతా చెప్పింది. ఆవిడ విని, డిపో ఆఫీసులో కూడా చెప్పి ఉంచుతానని నోటుపుస్తకంలో రాసుకుంది. గౌరునాయుడు మాత్రం మండిపడ్డాడు. "పిల్ల నిలవడం లేదని ఏడిచావు. ఇప్పుడు వాళ్ళమ్మకి నువ్వే దారి చూపిస్తున్నావా?" అన్నాడు. వరహాలుకి కూడా అదే భయం.

నెల తిరిగాక ఆవిడ మళ్ళీ పరదేశయ్యగారి దగ్గరికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. స్తంభం మీద సుద్దతో రాసిన సంగతి దగ్గర్నుంచి అన్నీ చెప్పుకొచ్చింది.

"పిల్ల పారిపోవడం మానేసింది నాయనగారూ. సాయంత్రం ఇద్దరం కలిసే వెళ్తున్నాం. కాసేపు కూర్చుని వచ్చేస్తున్నాం. అది సరే, నా ప్రాణం మాత్రం నిలవడం లేదు. ఏ ఆడమనిషి ఆ స్తంభం ముందు ఆగినా నా గుండె జారిపోతోంది. ఆవిడొస్తే పంపించాలి గదా. నా చేత్తో నేనే రాసుకున్నాను. నేను చేసింది మంచో చెడ్డో నాకు తెలియడం లేదు."

ఆయన వింటున్నారో లేదో తెలియలేదు. "సుద్దరాత కదా, చెరిగిపోదా?" అన్నారు.

"చెరిగిపోతాది. తుడిచేవాళ్ళు తుడిచేస్తారు. రోజూ పైడే మళ్ళీ రాస్తాది. అదొక తలనొప్పి" అంది వరహాలు, ఎక్కడలేని చిరాకూ తెచ్చుకుని. "మొదట్లో నేను రాసినట్టే రాసేది. ఈ వారం నుంచి వరహాలు టైలరు అన్నది వదిలేసి, మా ఇల్లు, కొత్తపేట మూడో సందు అని రాస్తోంది. నేను దిద్దుతాను, మర్నాడు మళ్ళీ అదే. మా ఇల్లు అని రాస్తే వాళ్ళమ్మకి ఎవరిల్లని తెలుస్తాది, మీరే చెప్పండి."

పరదేశయ్యగారు ఆవిడ వైపు తిరిగారు.

"వాళ్ళమ్మ మాట తర్వాత" అన్నారు. "నీకు తెలిసిందా తల్లీ?"