శబరిలో దొరికిన శీలావతి

సోమేలు గురువుగారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరు ఏమడిగినా "చూద్దాంలే నాయనా" అని, చేతిలో ఉన్న పనిలోకి వెళ్ళిపోయేవారు. ఆ చూడడం ఒక్కోసారి సాయంత్రానికే అయ్యేది, ఒక్కోసారి నెలలు పట్టేది. కొత్తగా చేరిన శిష్యులు ఆయన మరిచిపోయారనుకునేవారు. పాతవాళ్ళు మాత్రం ప్రశ్న వేసిన రోజునుంచి కాస్త జాగ్రత్తగా మసలుకునేవారు.

ఆయన పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. తత్త్వాలు పాడుతూ పాడుతూ తన గురువు తర్వాత తాను గురువయ్యారు గాని, ఇల్లూ వదల్లేదు, తిండీ మార్చుకోలేదు, తెడ్డు పట్టడమూ మానలేదు. ఏటా కార్తీకం వెళ్ళాక శబరి నది ఎగువన కొండల్లో ఉన్న శిష్యులను చూడడానికి దోనె మీద బయలుదేరేవారు. తాతలనాడు ఒకే మానును తొలిచి చేసిన సన్నని పడవ అది. ఇద్దరు మనుషులూ, ఒక గిన్నె, కాసిని బియ్యం పడితే నిండిపోతుంది. ఆ ఏడాది వెంట నూకరాజును తీసుకెళ్ళారు.

నూకరాజు వడ్రంగి. తలుపు చెక్కితే చేత్తో నిమరాలనిపించేటంత పనివాడు. నలభై దాటీ దాటకముందే రెండు కిడ్నీలూ పాడైపోయి, మనిషి ఉబ్బిపోయి, ఇక దక్కడనుకున్నారు. అప్పుడు అతని అక్క సత్యవేణి తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఏడాదిన్నర గడిచింది. వేళకు మందులు వేసుకుంటూ, తిండి జాగ్రత్తగా చూసుకుంటే పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. అయినా నూకరాజు కొట్టుకు వేసిన తాళం తియ్యలేదు. "అక్క పెట్టిన ప్రాణం ఇది, పొట్టులోనూ దుమ్ములోనూ ఎలా పెట్టను?" అనేవాడు. పండుగకు నవ్వేవాడు కాదు, కడుపునిండా తినేవాడు కాదు. ప్రతి శుక్రవారం పూలూ పళ్ళూ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళి, ఆమె పాదాల మీద తల ఆనించి ఏడ్చి వచ్చేవాడు. మొదట్లో ఆవిడ కూడా ఏడ్చేది. తర్వాత తర్వాత శుక్రవారం వస్తుందంటే ఆవిడకు గుండె బరువెక్కేది.

"గురువుగారూ, ప్రాణం ఇచ్చినవాళ్ళకు దండం ఎలా పెట్టాలి? ఎంత పెట్టినా నాకు చాలినట్టు ఉండడం లేదు" అని నూకరాజు అడిగింది ఎండాకాలంలో. చూద్దాంలే అన్నారు గురువుగారు. మార్గశిరం రాగానే, "కాచిన నీళ్ళు, నీ మందులు సర్దుకో. శబరి మీదికి పోదాం" అన్నారు.

పొద్దెక్కేవేళకు దోనె ఏటిలో పడింది. వానలనాటి ఎరుపు పోయి నీళ్ళు తేటపడ్డాయి. రెండు ఒడ్డులా వెదురు, దాని వెనక టేకు అడవి. గురువుగారు వెనక కూర్చుని ఒడ్డువారగా తెడ్డు వేస్తున్నారు. ముందు కూర్చున్న నూకరాజు చేతికి గేలం ఇచ్చి, కొక్కేనికి తవుడు ముద్ద గుచ్చడం చూపించారు. "కూరకు ఏమీ తేలేదు. ఏరు ఏమిస్తే అదే" అన్నారు.

నూకరాజు జన్మలో చేప పట్టి ఎరగడు. వెదురు నీడ నీళ్ళ మీద పడే చోట ఉన్నట్టుండి తాడు బిగుసుకుంది. లాగితే లాగనివ్వదు, వదిలితే వదలదు. గురువుగారు తెడ్డు ఆపి దోనె నిలబెట్టారు. ఆఖరికి మోచేయంత శీలావతి చేప, పొలుసుల మీద ఎండ మెరుస్తుంటే, ఎగిరి దోనెలో పడింది.

నూకరాజుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అడక్కుండానే శబరమ్మ ఇంత పెద్దది ఇచ్చిందే అనుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"దాని పని చూడు నాయనా" అని గురువుగారు కత్తి అందించారు.

"ఆగండి గురువుగారూ. మొదటి చేప. తీరిగ్గా ఒక దండం పెట్టుకోనివ్వండి. ఇచ్చీ ఇవ్వగానే కత్తి పెట్టడానికి నాకు చేతులు రావు."

గురువుగారు కత్తి వెనక్కి తీసుకున్నారు. నూకరాజు దోనె అడుగున ఊరిన కాసిని నీళ్ళలో చేపను పడుకోబెట్టాడు. ఒడ్డువార వాలిన కొమ్మనుంచి పూలు దూసి దాని మీద వేశాడు. ఏటికి పాట పాడాడు. చేప కాసేపు ఎగిరెగిరి పడింది. తర్వాత నోరు తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. అది ఎప్పుడు ఆగిపోయిందో పాటలో ఉన్న నూకరాజు చూడలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అడుగున నీళ్ళు వెచ్చబడ్డాయి. గురువుగారు తెడ్డు వేస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం ఒక ఇసుక తిన్నె మీదికి దోనె లాగి, మూడు రాళ్ళు పెట్టి అన్నం వార్చారు. నూకరాజు పూలు తీసి చేపను ఎత్తితే చేతిలోనే వంగిపోయింది. గురువుగారు దాని పక్కన వేలితో నొక్కారు. పడిన గుంట అలాగే ఉండిపోయింది. మొప్పలు ఎత్తి చూపించారు. ఎర్రగా ఉండవలసినవి మట్టిరంగుకు తిరిగాయి. వాసన నూకరాజుకు కూడా తెలిసింది.

"పరవాలేదు గురువుగారూ, బాగా ఉడికిద్దాం. తల్లి ఇచ్చింది, పారెయ్యకూడదు" అన్నాడు.

"నిలవున్నది తినమన్నాడా నీ డాక్టరు?"

నూకరాజు తలొంచుకున్నాడు. గురువుగారు అతని చేతుల్లోంచి చేపను తీసుకుని, దూరంగా ప్రవాహంలో వదిలేశారు. అది తెల్లటి కడుపు పైకి తేలి, రెండు పూలు అంటుకుని ఉండగానే, దిగువకు కొట్టుకుపోయింది.

ఆవకాయ కలుపుకుని ఇద్దరూ అన్నం తిన్నారు. ఆ చేపకు తాను చెడు చేసింది ఎక్కడో నూకరాజుకు అర్థం కాలేదు. దాన్ని తిట్టలేదు, తన్నలేదు, పూలతో పూజించాడు. అయినా అది నీళ్ళకు కాకుండా, నోటికి కాకుండా పోయింది. అంతసేపు అది నోరు తెరుస్తూ ఉంటే తాను పాడుతూ కూర్చున్నాడు. ఆ మాట తట్టగానే అతను కలిపిన ముద్ద కింద పెట్టేశాడు.

"నేను పాపం చేశానా గురువుగారూ?" అన్నాడు.

"ఎండ వాలకముందే బయలుదేరాలి. గిన్నె కడుగు" అన్నారు గురువుగారు.

పొద్దు కొండల మీదికి వాలుతుండగా మళ్ళీ తాడు లాగింది. ఈసారి పడింది చిన్నదే, ఇద్దరికి ఒక పూటకు సరిపోయే శీలావతి. నూకరాజు దాన్ని చూసి చేతులు జోడించలేదు. "కత్తి ఇవ్వండి" అన్నాడు.

గురువుగారు దోనెను ఒడ్డు రాళ్ళకు ఆనించి దగ్గరకు జరిగారు. "ముందు చెయ్యి తడుపుకో. తల వెనక గట్టిగా పట్టు. వణక్కు. నీ చెయ్యి వణికితే దానికి బాధ పెరుగుతుంది."

కత్తి వెనకవైపుతో తల మీద ఒక్క దెబ్బ వేశాడు నూకరాజు. చేప ఒళ్ళంతా ఒకసారి బిగిసి, అతని చేతిలోనుంచి ఏదో జారిపోయినట్టు సడలింది. అతని కళ్ళు చెమర్చాయి గాని చెయ్యి ఆగలేదు. మొప్పల దగ్గర కోసి, ఏటి నీళ్ళలో నెత్తురు పోనిచ్చాడు. తోకనుంచి తలవైపుకు పొలుసు గీశాడు. పొట్ట చీరేటప్పుడు గురువుగారు అతని వేలు మీద తన వేలు పెట్టి, "ఇదిగో, ఇది పిత్తం. ఇది పగిలితే కూరంతా చేదు. మెల్లిగా" అన్నారు. ఏడాదిన్నరగా ఉలి పట్టని ఆ చేతులు పని దొరికేసరికి తమంతట తామే కుదుటపడ్డాయి. పిత్తం పగలకుండా వచ్చింది. నూకరాజు లోపల శుభ్రంగా కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి, టేకాకుల్లో చుట్టి, తడిపిన గోనెపట్ట కప్పి, ఎండ తగలకుండా తన కాళ్ళ మధ్య నీడలో పెట్టుకున్నాడు. దారంతా గోనె ఆరకుండా దోసిలితో నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు.

ఇంకా వెలుగు ఉండగానే రాత్రి మజిలీకి ఒడ్డు చేరారు. చింతపండు పిసికి, కారం వేసి, ముక్కలు బాగా ఉడికేదాకా నూకరాజు పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. దింపి వడ్డించాక ఇద్దరూ తిన్నారు. జబ్బు పడ్డాక అతనికి ఆకలి అనేది తెలియడం అదే మొదలు. రెండోసారి అన్నం పెట్టుకున్నాడు. వేళ్ళు చప్పరించాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

"అయ్యో గురువుగారూ! దండం పెట్టుకోవడం మరిచిపోయాను."

"ముల్లు చూసుకుని తిను" అన్నారు గురువుగారు.

నూకరాజు ఆయన ముఖంలోకి చూశాడు. ఏదో అడగబోయి మానేశాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. శబరి మీద పొద్దుగుంకే ఎరుపు పడుతోంది. తింటూంటే అతనికి ఏడుపు వచ్చింది. అక్క పాదాల దగ్గర వచ్చే ఏడుపు కాదది. తినడం ఆపలేదు.

కొండల్లో పని చూసుకుని ఇద్దరూ ఇల్లు చేరిన మర్నాడే నూకరాజు కొట్టు తాళం తీశాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, డాక్టరు చెప్పినంత మేరకే పని మొదలుపెట్టాడు. శుక్రవారం అక్క ఇంటికి వెళ్ళాడు. పూలు లేవు, పళ్ళు లేవు. భుజాన పనిముట్ల సంచి ఉంది. పెరటి తలుపు వాలిపోయి నేల రాసుకుంటోందని చూసి, ఊడదీసి, అంచు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాడు. తర్వాత పీట వాల్చుకుని కూర్చుని, "అక్కా, ఆకలేస్తోంది. ఏం వండావు?" అన్నాడు.

ఆ మరుసటి రోజు సత్యవేణి గురువుగారి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏడాదిన్నర తర్వాత వాడు నిన్న నా ముఖంలోకి చూశాడు గురువుగారూ. ఇన్నాళ్ళూ నా కాళ్ళే చూశాడు. వాడికి ఏం మంత్రం చెప్పారు?"

గురువుగారు వల చిక్కులు తీస్తున్నారు. తలెత్తకుండానే నవ్వారు.

"మంత్రమేమీ లేదు తల్లీ. ఇద్దరం చేపల పులుసు తిన్నాం. బాగా కుదిరింది."