ఆటవెలదిలో అలిసిన చిలక

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా! పొద్దుట్నుంచీ చాకిరీతో నా నడుం విరిగింది. మీరు ఊఁ కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తా.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. వాడు అల్లిన పద్యాన్ని ఆ చిలక ఆపకుండా చదవాలి. ఆపిందా, వాడు చస్తాడు. "పద్యం పేరు, నడక, రసం మూడూ చెప్పినవాడిదే చిలక. తప్పితే రాయైపోతాడు" అని వాడి పందెం.

పెద్దవాడు వెళ్లాడు. "ఆటవెలది. నడకలో లోపం లేదు" అన్నాడు. రాయైపోయాడు.

నడిమివాడు వెళ్లాడు. "ఆటవెలదే. నాలుగో పాదంలో యతి తప్పింది. ఛీ, చదువురాని చిలక! రసం వీరం" అన్నాడు. వాడూ రాయైపోయాడు.

అన్నల్ని విడిపించాలని చిన్నవాడు సుకేతుడు బయల్దేరాడు. ముసలి తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. "ఇక నావల్ల కాదు నాయనా" అని తాబేలు ఒడ్డునే కూలబడింది. సుకేతుడికీ ఒళ్లు హూనమైంది. పంజరం పక్కనే చతికిలబడి విన్నాడు.

"కొండలెత్తినాను కోటలు గెలిచితి
ఏడు కడలులీది ఎదురు నిలిచి
నన్ను గెలుచువాడు నరులలో లేడురా
అలుపు లేదు నాకు విసుగు లేదు"

"ఆటవెలది" అన్నాడు సుకేతుడు. "చివరి పాదం 'అ'తో మొదలైంది. యతి దగ్గర దానికి చుట్టమైన అక్షరం రావాలి. 'అదురు లేదు' అని ఉండాలి కదా? 'విసుగు' ఎందుకొచ్చింది తల్లీ?"

చిలక చదువుతూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యతి అంటే ఆగే చోటు. నిన్ను ఆగనివ్వలేదు, అందుకే అక్కడ నోరు తడబడింది. ఈ పద్యం రసం అలసట."

కరాళుడు పకపకా నవ్వాడు. "నవరసాల్లో అలసట ఎక్కడుందిరా వెర్రిమొహమా?"

"నన్నడుగుతావేం? చదివేదాన్ని అడుగు."

"చెప్పవే చిలకా! నీకు అలసటా?"

"అవునయ్యా, అలిసిపోయాను" అంది చిలక.

అంతే! పద్యం ఆగింది. కరాళుడు కుప్పకూలాడు. రాళ్లు అన్నలయ్యాయి. వాడు చిలకగా మార్చిన హేమరేఖ మళ్లీ రాకుమారి అయింది.

సుకేతుడితో పెళ్లి కుదిరింది. పాపం, హేమరేఖ పెళ్లి పీటల మీదే కునుకు తీసింది. "లేపకండి, ముహూర్తం దాకా పడుకోనివ్వండి" అన్నాడు సుకేతుడు. వాళ్లిద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో పద్యం చదివేవాళ్లను ఎవరూ తొందరపెట్టలేదు.

ఊఁ, మళ్లీ ఇంకో కథా? నాకూ యతి వచ్చిందర్రా. ఆ చాప ఇటు లాగండి.