ఎండ పడని చోటు

గురువు ముకుందయ్యగారికి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. విని, తల ఊపి, తన పనిలో పడిపోయేవారు. ఎప్పుడో ఒకనాడు ఆ జవాబు అడిగినవాడికి తనంతట తానే ఎదురయ్యేది. సత్తిరాజు విషయంలోనూ అలాగే జరిగింది.

సత్తిరాజుది కడియంలో మొక్కలు పెంచే కుటుంబం. గట్టు తగాదాలో సొంత అన్న తల పగలగొట్టి, ఆ పశ్చాత్తాపంతో చింతపల్లి కొండల్లోని మా ఆశ్రమానికి వచ్చి చేరాడు. ఒంట్లో బాగాలేక గురువుగారు కొన్నాళ్లు కొండ దిగి వెళ్తున్న రోజున, జీపు దగ్గర నిలబడి అడిగాడు: “గురువుగారూ, కోపం పూర్తిగా చచ్చిపోయిందని మనిషికి ఎలా తెలుస్తుంది?” ఆయన సంచిలోంచి చిన్న మూట తీసి అతని చేతిలో పెట్టారు. “చిలకమ్మ వాళ్ల రామ్ములక్కాయల విత్తనం. నారు పెంచి ఇస్తానని మాటిచ్చాను. చూసుకో” అని జీపెక్కారు.

చిలకమ్మది కొండవాలున ఉన్న చిన్న గూడెం. ఆ ఏడు వడగళ్లు పడి వాళ్ల తోటలన్నీ నేలమట్టమయ్యాయి. రామ్ములక్కాయలంటే వాళ్ల తాతల నాటి టమాటా రకం; గూడెం మొత్తానికి మిగిలిన విత్తనం ఆ మూటలోదే. చలికి ఆరుబయట మొలవదు. అందుకని వెదురు బద్దలు వంచి, పాలిథిన్ పట్టా కప్పి, చలికాలం పోయేదాకా నిలిచే గ్రీన్‌హౌస్ ఒకటి వేద్దామనుకున్నాం. పట్టా ఇచ్చింది సుదర్శనంగారనే దాత.

ఎక్కడ వెయ్యాలన్న మాట వచ్చింది. వంటశాల వెనక వాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంటుంది. నీళ్లూ దగ్గరే. మేనేజరు పార్వతీశం ఆ మాటే రానివ్వలేదు. “గేటు పక్కన వెయ్యండి. వచ్చేవాళ్లకి మొదట అదే కనపడాలి. దాతగారి పేరున్న బోర్డు కూడా అక్కడే కడదాం” అన్నాడు. గేటుకి దక్షిణాన పెద్ద ప్రార్థన హాలుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలతాడు కనక హాలు నీడ రోజంతా ఆ గేటు పక్కనే పడి ఉంటుంది. ఎండ ఎక్కడ పడుతుందని ఒక్కరూ అడగలేదు. ఫొటో ఎక్కడ బాగా వస్తుందని మాత్రం నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు.

సత్తిరాజుకి అన్నీ తెలుసు. అతని దవడ బిగుసుకోవడం నేను చూశాను. కాని కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా వదిలి, “అందరికీ ఎలా బాగుంటే అలాగే” అన్నాడు. బయటికొచ్చాక నాతో నవ్వుతూ, “పాత సత్తిరాజయితే ఆ బోర్డు తీసి పార్వతీశం నెత్తిన కొట్టేవాడు. గెలిచాను” అన్నాడు.

గేటు పక్కనే వేశాం. ట్రేలలో పోసిన నారు మొలిచింది. ఎండ కోసం సాగి సాగి, పాలిపోయిన దారాల్లా పెరిగింది. పట్టా లోపల నీటి చుక్కలు ఆరేవి కావు. మొక్కలు మొదళ్లు కుళ్లి పక్కకు ఒరగడం మొదలుపెట్టాయి. విప్పి వంటశాల వెనకకి మార్చడానికి ఒక్క పూట చాలు. సత్తిరాజు రోజూ వెళ్లి చూసేవాడు. మొహం ఎర్రబడేది. వెంటనే ధ్యానానికి కూర్చునేవాడు. లేచాక, “ఇవాళ కూడా గెలిచాను” అనేవాడు.

గురువుగారు తిరిగొచ్చిన ఉదయమే చిలకమ్మ కూడా గంప పట్టుకుని వచ్చింది. పట్టా ఎత్తి చూసింది. ఒరిగిపోయిన ఒక మొక్కను వేలితో లేపింది. అది మళ్లీ పడిపోయింది.

“ఇక్కడ ఎండ తగల్దని ఎవరికీ ఎరికనేదా?” అంది.

“నాకు తెలుసమ్మా” అన్నాడు సత్తిరాజు మెల్లగా.

“ఎరికే? ఎరికుండీ చెప్పనేదా?”

“చెబితే గొడవవుతుంది. నేను కోపం మానుకున్నాను. నువ్వు కూడా శాంతించు తల్లీ.”

చిలకమ్మ గంప నేలకేసి కొట్టింది. “శాంతమా! మా పిల్లల నోటికాడ కూడు కుళ్లబెట్టి నువ్వు శాంతం నేర్సుకున్నావా బాబూ? నేర్సుకోడానికి నీకు మా ఇత్తనమే దొరికిందా?” కళ్లలో నీళ్లు నిండినా కింద పడనివ్వలేదు.

ముకుందయ్యగారు భుజం మీది కండువా తీసి నడుముకి కట్టుకున్నారు. గేటు పక్క బోర్డుని రెండు చేతులా పట్టుకుని ఊడబెరికి అవతల పారేశారు. పార్వతీశం పరిగెత్తుకొచ్చి, “అయ్యా, దాతగారు నొచ్చుకుంటారు” అన్నాడు. “నొచ్చుకోనీ” అన్నారాయన. ఆ గొంతు అంత కటువుగా వినడం నాకదే మొదలు. ఆ తర్వాత వెదురు బద్దలు ఒక్కొక్కటీ పీకసాగారు. నారు ట్రేలలో ఒక మూల కొన్ని మొక్కలు ఇంకా నిటారుగా ఉన్నాయి. విత్తనం నిలబెట్టుకోడానికి సరిపోతాయేమో గాని, ఆ ఏటి పంటకి ఎటూ చాలవు. చిలకమ్మ కళ్లు తుడుచుకుని వాటిని ఎత్తుకుంది. మేమందరం తలా ఒక బద్దో ట్రేనో అందుకుని ఆమె వెనకే వంటశాల వైపు నడిచాం.

సత్తిరాజు ఒక్కడే కదల్లేదు. చేతులు జోడించి, నిజంగానే అర్థంకాక అడిగాడు: “గురువుగారూ, మీకు... కోపం వచ్చిందా?”

ఆయన పెరికిన బద్దను పక్కన పెట్టి అతనివైపు తిరిగారు.

“వచ్చింది. నీకింకా రాలేదా?”