చుట్టాలు దొరికిన సీతాకోకచిలుక

రాజమండ్రిలో ఒక కాలేజీ మ్యూజియంలో సీతాకోకచిలుకల గది చూసుకునే లక్ష్మీపతి మాస్టారు, తాను ఒకసారి పెట్టిన పేరును ఎవరు చెప్పినా మార్చేవారు కాదు.

ఆ పేర్ల సంగతి కాస్త చెప్పాలి. శాస్త్రంలో సీతాకోకచిలుకలకు కూడా మనలాగే ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు ఉంటాయండీ. మాస్టారు పడుచుతనంలో తన గురువు వీరభద్రయ్యగారితో మారేడుమిల్లి అడవుల్లో తిరిగేవారు. వాగు ఒడ్డున కూర్చుని ఇద్దరూ అరిటాకులో పులిహోర తినేవారు. ఏ రెక్క కనబడినా గురువుగారు ముందు దణ్ణం పెట్టి, ఆ తరువాతే వల ఎత్తేవారు. ఆ రోజులే వేరు. అలా ఒకనాడు మచ్చ అన్నది లేని గోధుమరంగు సీతాకోకచిలుక దొరికింది. అది దేన్నీ పోలి లేదు. మాస్టారు దానికి కొత్త ఇంటిపేరు కట్టి, అందులో గురువుగారి పేరు కలిపారు.

"నా పేరెందుకోయ్? పాపం, అది తేలిగ్గా ఎగరాలి కదా," అని భారీ మనిషైన గురువుగారు నవ్వారు.

ఆయనకు పిల్లల్లేరు. ఆయన పోయాక ఆ పేరు లోకంలో అక్కడొక్కచోటే మిగిలింది.

చాలా ఏళ్ళకు, మాస్టారి దగ్గర చదువుకుని హైదరాబాదులో పరిశోధన చేస్తున్న సుగుణ వచ్చింది. "ఆ గోధుమరంగు సీతాకోకచిలుక కాలొకటి ఇవ్వండి మాస్టారూ, జన్యువులు చూస్తాను," అంది.

"బతికుండగా వల వేశాం. ఇప్పుడు కుంటిదాన్ని కూడా చెయ్యాలా?" అన్నారు మాస్టారు. అయినా తన మాటే నిలుస్తుందన్న ధీమాతో ఇచ్చారు.

కొన్ని నెలలకు సుగుణ తల వంచుకుని వచ్చింది. "ఇది వేరే ఇంటిది కాదు మాస్టారూ. మన పెరటి గడ్డిలో ఎగిరే గోధుమరంగు వాటి ఇంటిదే. అడవి నీడలో ఉండి రూపు మారింది, అంతే. ఆ ఇంటిపేరు తీసెయ్యాలి. మీరు సరేనంటేనే అచ్చుకిస్తాను."

"మా గురువుగారి పేరు నా చేత చెరిపిస్తావా?"

"పెళ్ళయ్యాక నా ఇంటిపేరూ మారింది కదండీ. నేను మీ సుగుణను కాకుండా పోయానా?"

"మాటలు బాగానే నేర్చావు. వెళ్ళిరా," అన్నారు మాస్టారు.

మర్నాడు మనవల్ని వెంటబెట్టుకుని ఒక పెద్దావిడ మ్యూజియానికి వచ్చింది. ఆ సీతాకోకచిలుకను ఒంటరిగా ఉంచిన అద్దాల పెట్టె ముందు ఆగి, "ఇదొక్కటే ఉందేం నాయనా? దీనికి చుట్టాలెవరూ లేరా?" అంది.

ఇన్నేళ్ళూ ఎవరడిగినా మాస్టారు, "లేరు. ఇది మా వీరభద్రయ్యగారి ఇంటిది," అని గర్వంగా చెప్పేవారు. ఆ రోజు ఆ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిజం తెలిశాక ఆ మాట అంటే, రోజూ జపంలా తలుచుకునే పేరు మీద అబద్ధమాడినట్టే. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఉన్నారమ్మా. మీ పెరట్లోనే ఉన్నారు," అన్నారు మెల్లగా.

"పోన్లే, దిక్కులేనిదనుకున్నాను," అంది పెద్దావిడ.

ఆ సాయంత్రమే మాస్టారు సుగుణకు ఫోన్ చేశారు. "అచ్చుకిచ్చెయ్యి తల్లీ. పొరబడింది నేనేనని నా పేరుతోనే రాయి," అన్నారు. తరువాత ఆ సీతాకోకచిలుకను తీసి, దాని చుట్టాలున్న పెద్ద పెట్టెలో పెట్టి, చేతులు జోడించారు.

గురువు మీద నిజమైన భక్తి ఉన్నవాడు, నిజం తెలిసిన రోజున తన మాటను తానే మార్చుకోవాలి.